రూపవాదం అన్న నింద: రూత్ బెర్గ్‌హౌస్ రంగస్థల జీవితం

1

1951 మార్చి 17న తూర్పు బెర్లిన్‌లోని ప్రభుత్వ ఆపెరా సంస్థ ఒక కొత్త ఆపెరాను ప్రదర్శించింది. దాని పేరు 'లుకుల్లుస్ విచారణ'. పాఠం బెర్టోల్ట్ బ్రెహ్ట్‌ది, సంగీతం పౌల్ డెస్సావ్‌ది. ఇద్దరూ ఫాసిజం కాలంలో దేశం విడిచి వెళ్ళి, యుద్ధం ముగిశాక సోషలిస్టు జర్మనీని ఎన్నుకుని తిరిగి వచ్చినవాళ్ళు. ఆ రోజు టికెట్లు బహిరంగంగా అమ్మలేదు, ఆహ్వానితులకు పంచారు. సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే, మార్చి 15 నుంచి 17 వరకు, సోషలిస్టు ఐక్యతా పార్టీ కేంద్రకమిటీ సమావేశమై కళాసాహిత్యాల్లో రూపవాదం మీద పోరాటం ప్రకటించింది. ఆహ్వానితులు ఆపెరాను ఉత్సాహంగా మెచ్చుకున్నారు. అయినా ప్రదర్శనలు ఆగిపోయాయి. అధ్యక్షుడు విల్‌హెల్మ్ పీక్ చొరవ తీసుకుని రచయితనూ స్వరకర్తనూ పిలిచి మాట్లాడాడు. కొన్ని మార్పులు జరిగాయి. అదే ఏడాది అక్టోబరు 12న 'లుకుల్లుస్‌కు శిక్ష' అన్న పేరుతో ఆ ఆపెరా మళ్ళీ రంగమెక్కింది.

ఇంతకూ అందులో ఉన్నదేమిటి? రోమన్ సేనాపతి లుకుల్లుస్ చచ్చిపోయి పాతాళంలో న్యాయస్థానం ముందు నిలబడతాడు. అతని మీద తీర్పు చెప్పేది రాజులూ పండితులూ కాదు. ఒక రైతు, ఒక ఉపాధ్యాయుడు, ఒక రొట్టెలవాడు, ఒక చేపలమ్మి, ఒక వేశ్య. తన విజయాలు చెక్కిన శిల్పఫలకాన్నే సేనాపతి సాక్ష్యంగా తెప్పించుకుంటాడు. ఆ ఫలకంలోని ఓడిపోయినవాళ్ళే అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతారు. యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న చేపలమ్మికి ఏ సాక్ష్యమూ అక్కర్లేదు. అతనికి అనుకూలంగా మిగిలేవి రెండే. ఒకటి, అతని వంటవాడి మాట. రెండు, ఆసియా నుంచి అతను ఐరోపాకు తెచ్చిన చెర్రీ చెట్టు. ఆ చెట్టు కోసం ఎనభై వేలమందిని చావుకు పంపాడన్న లెక్క తేలగానే శిక్ష ఖాయమవుతుంది.

యుద్ధ వ్యతిరేకత ఇంత స్పష్టంగా ఉన్న కృతిలో వస్తువుకు సంబంధించి పార్టీ అడిగిన మార్పు ఒకటే. దురాక్రమణ యుద్ధానికీ ఆత్మరక్షణ యుద్ధానికీ తేడా చూపించమన్నారు. కొరియాలో యుద్ధం నడుస్తున్న కాలమది. ఆ అభ్యంతరంలో అర్థం ఉందని బ్రెహ్ట్ కూడా ఒప్పుకుని, స్వదేశాన్ని కాపాడుకున్న రాజు పాత్రను బలపరిచాడు. అసలు కోపం సంగీతం మీద. డెస్సావ్ తన వాద్యబృందంలో వయొలిన్లు లేకుండా చేశాడు. తప్పెట వాద్యాలు ఎక్కువగా వాడాడు. చెవికి ఇంపుగా సాగే వరస కోసం ఎదురుచూసినవాళ్ళకు అది కఠోరంగా వినిపించింది. ప్రజలకు అర్థం కాని సంగీతం రూపవాదమన్నారు.

ఈ సంఘటనతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇదే ఆపెరాను ఇదే సంస్థలో 1960లో ఒకసారి, 1965లో ఒకసారి, 1983లో ఒకసారి రంగస్థలం మీదికి తెచ్చిన దర్శకురాలు రూత్ బెర్గ్‌హౌస్. 1951లో ఒక కృతి మీద పడిన నింద ఆమె జీవితమంతటి మీదా పడింది. ఆ నింద వేసింది శత్రువులు కాదు, ఆమె నమ్మిన పక్షంవాళ్ళే. ఆమె ఆ పార్టీ సభ్యురాలు. కడదాకా ఆ రాజ్యంలోనే పని చేసింది. అభ్యుదయ సాహిత్యంలో వస్తువు గురించీ శిల్పం గురించీ వాదించుకునే మనం ఆమె చరిత్ర తెలుసుకోవలసింది అందుకే.

2

రూత్ బెర్గ్‌హౌస్ 1927 జూలై 2న డ్రెస్డెన్ నగరంలో పుట్టింది. ఆమెకు ఆరేళ్ళు నిండకముందే హిట్లర్ అధికారానికి వచ్చాడు. పద్ధెనిమిదో ఏడు నిండకముందే ఆ రాజ్యం కూలింది. ఆమె పుట్టిన నగరం 1945 ఫిబ్రవరిలో బాంబు దాడులకు నేలమట్టమైంది. యుద్ధం ముగిసిన రెండేళ్ళకు ఆమె గ్రెట్ పాలుక్కా నాట్యపాఠశాలలో చేరి, నాట్యమూ నాట్యదర్శకత్వమూ నేర్చుకుంది.

పాలుక్కా ఎవరో తెలిస్తే తరవాతి కథ తేలికగా అర్థమవుతుంది. ఆమె మేరీ విగ్‌మన్ శిష్యురాలు. రాజాస్థానాలలో పెరిగిన బాలే నుంచి విడిపోయి, శరీరం తన బరువుతో, తన శ్వాసతో తానే మాట్లాడాలన్న జర్మన్ ఆధునిక నాట్యోద్యమానికి చెందిన మనిషి. నాజీలు ఆమె వంశంలో యూదు రక్తం ఉందని వేధించి 1939లో పాఠశాలను మూయించారు. యుద్ధానంతరం పాఠశాల తిరిగి తెరుచుకుంది. తీరా 1950ల మొదట్లో కొత్త సోషలిస్టు రాజ్యం కూడా ఈ నాట్యరీతిని అనుమానంగానే చూసింది. రష్యన్ బాలే పద్ధతిని ఆదర్శంగా నిలబెట్టి దీన్ని రూపవాదపు లెక్కలో వేసింది. అంటే బెర్గ్‌హౌస్ విద్యార్థి దశలోనే రెండు సంగతులు చూసింది. తాను నేర్చుకున్న కళను ఫాసిస్టులు ద్వేషించారు. ఫాసిస్టులను ఓడించినవాళ్ళు కూడా దాన్ని నమ్మలేదు.

తరవాత ఆమె బెర్లిన్‌కు వచ్చి కళల అకాడమీలో శిక్షణ పొందింది. బ్రెహ్ట్ నడుపుతున్న బెర్లినర్ ఆన్సాంబుల్ రిహార్సళ్ళు చూసే అవకాశం అక్కడ దొరికింది. 1954లో పౌల్ డెస్సావ్‌ను పెళ్ళి చేసుకుంది. డెస్సావ్ 1894లో పుట్టినవాడు, ఆమెకన్న ముప్పై మూడేళ్ళు పెద్ద. భర్త పేరు వల్ల ఆమెకు దారులు తెరుచుకున్నాయని అన్నవాళ్ళున్నారు. కొంతవరకు నిజమే కావచ్చు. కాని ఆయన సంగీతం మీద ఉన్న వివాదం కూడా ఆమెకు వాటాగా వచ్చింది. పైగా ఆపెరా సంస్థలలో వాద్యబృంద నిర్వాహకుడు, దర్శకుడు, అధిపతి అందరూ మగవాళ్ళే అయిన రోజుల్లో ఒక నాట్యకత్తె వచ్చి గాయకులకు ఎలా నిలబడాలో చెప్పడం అంత సులువైన పని కాదు.

3

ఆమె ప్రతిభ అందరి కంటా పడింది 1964లో. బెర్లినర్ ఆన్సాంబుల్ ఆ ఏడు షేక్‌స్పియర్ 'కొరియొలేనస్'కు బ్రెహ్ట్ చేసిన అనుసరణను ప్రదర్శించింది. దర్శకులు మన్‌ఫ్రెడ్ వెక్‌వెర్త్, యోఆఖిమ్ టెన్‌షెర్ట్. బ్రెహ్ట్ 1956లోనే చనిపోయాడు, యుద్ధ ఘట్టాలను పూర్తి చెయ్యలేదు. ఆ ఘట్టాల నిర్వహణ బెర్గ్‌హౌస్‌కు అప్పగించారు.

రంగస్థలం మీద యుద్ధం సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది. కత్తులు ఖణేల్మనిపించే యుద్ధం ఒకటి. తెర వెనక కేకలతో సరిపెట్టే యుద్ధం రెండోది. బెర్గ్‌హౌస్ ఈ రెండూ కాదంది. రెండు సైన్యాలనూ లయబద్ధమైన కదలికగా కూర్చింది. గుంపులు కలుస్తాయి, విడిపోతాయి, ఒరిగిపోతాయి. సైనికులు తమ నాయకుల పేర్లు అరుస్తూ ఒకరి మీద ఒకరు పడతారు. యుద్ధం ఒక వీరుడి సాహసంగా కాక, చాలామంది శరీరాలు ఒకడి పేరుకోసం పనిచేసే పద్ధతిగా కనిపించింది. యుద్ధమే వృత్తి అయినవాడు సమాజానికి ఎంత ఖరీదైన మనిషో చెప్పడం ఆ నాటకం ఉద్దేశం. ఆ మాటను పాత్రల సంభాషణకన్న ముందే ఈ ఘట్టాలు చెప్పేశాయి. 1965లో ఆ ప్రదర్శన లండన్‌కు వెళ్ళినప్పుడు యుద్ధ ఘట్టాలను విశేషంగా చెప్పుకున్నారు.

ఇక్కడ బ్రెహ్ట్ వాడిన 'గెస్టస్' అన్న మాట గుర్తు చేసుకోవాలి. దాన్ని అభినయం అని అనువదిస్తే చాలదు. ఒక మనిషి ఇంకో మనిషి ముందు నిలబడే తీరులో, వంగే తీరులో, డబ్బు అందుకునే తీరులో వాళ్ళ మధ్య ఉన్న సాంఘిక సంబంధం బయటపడుతుంది. ఆ బయటపడే తీరే గెస్టస్. ఆసామి ఎదురైతే భుజం మీది కండువా నడుముకు దిగిపోయే పాలేరును మన పల్లెల్లో చూసినవాళ్ళకు ఇది వివరించనక్కర్లేదు. ఆ పాలేరు ఒక్క మాటా మాట్లాడడు, అయినా ఊరి భూసంబంధాలన్నీ ఆ కండువాలో ఉంటాయి. బెర్గ్‌హౌస్ పాలుక్కా దగ్గర నేర్చుకున్న శరీరభాషనూ బ్రెహ్ట్ దగ్గర చూసిన ఈ సూత్రాన్నీ కలిపింది. ఆమె పద్ధతికి మూలం ఈ కలయికే.

ఈ పద్ధతిని ఆమె ఆపెరాలోకి తీసుకువెళ్ళింది. ఆపెరాలో గాయకుడు ముందుకు వచ్చి చేతులు చాచి పాడడం, వాద్యబృందం దుఃఖం పలికితే తానూ దుఃఖం నటించడం పాత అలవాటు. సంగీతం చెప్పిన మాటనే శరీరం మళ్ళీ చెప్పడం దండగ అని ఆమె వాదం. శరీరం సంగీతానికి జవాబు చెప్పవచ్చు, దాన్ని ప్రశ్నించవచ్చు, అది దాచినదాన్ని బయటపెట్టవచ్చు. పాట ప్రేమ గురించి సాగుతుండగా కాళ్ళు భయాన్ని చూపించవచ్చు.

డెస్సావ్ ఆపెరాలు ఆమెకు మంచి ప్రయోగశాల అయ్యాయి. 1966లో బ్రెహ్ట్ నాటకం ఆధారంగా వచ్చిన 'పుంటిలా', 1969లో 'లాంజెలొట్', 1974లో 'ఐన్‌స్టయిన్', డెస్సావ్ చనిపోయాక 1979 నవంబరులో 'లియోన్స్, లేనా' వచ్చాయి. నాలుగింటి తొలి ప్రదర్శనలకూ దర్శకత్వం ఆమెదే. వీటిలో 'లాంజెలొట్' సంగతి మళ్ళీ చెబుతాను. దానికి మూలం సోవియట్ రచయిత యెవ్గెనీ ష్వార్త్స్ నాటకం 'డ్రాగన్'. ఒక నగరం డ్రాగన్ పాలనకు అలవాటు పడిపోతుంది. విముక్తి ఇవ్వడానికి వచ్చినవాడే అక్కడి జనానికి ఇబ్బంది అవుతాడు. ఈ కథను హైనర్ ముల్లర్, గింకా చొలకోవా ఆపెరా పాఠంగా రాశారు. డ్రాగన్ ఫాసిజమని చెప్పుకోవచ్చు. కాని ప్రేక్షకుడు ఇంకో అర్థం తీసుకోకుండా ఎవరూ ఆపలేరు. కొద్ది ప్రదర్శనలతో అది రంగం మీంచి తప్పుకుంది.

ఆ దశలో ఆమె చేసిన ఇంకో పని 1968 నాటి 'సెవిల్ క్షురకుడు'. రొస్సీని హాస్య ఆపెరా అది. రంగాలంకరణ బ్రెహ్ట్ శిష్యుడే అయిన ఆఖిమ్ ఫ్రేయర్‌ది. ఇటలీ వీధినాటకాల ఫక్కీలో, లేతరంగు బట్టల మీద గీతలు గీసినట్టున్న తేలికపాటి దృశ్యబంధంలో ఆమె దాన్ని నడిపింది. కథలో ప్రేమ ఉంది, కాని ప్రతి మలుపులోనూ డబ్బు ఉంది. మొదటి ఘట్టంలోనే కూలి అందుకున్న వాయిద్యగాళ్ళు ప్రభువుకు కృతజ్ఞత చెప్పుకుంటూ చేసే గోలతో అతని పని చెడిపోతుంది. క్షురకుడి తెలివి కూడా బంగారం మాట వినగానే పుంజుకుంటుంది. యజమాని, సేవకుడు, కూలి అన్న ఈ వరసను బెర్గ్‌హౌస్ ఉపన్యాసంగా మార్చలేదు, ఆటగా ఆడించింది. ఆ ప్రదర్శన యాభై ఏళ్ళు దాటాక కూడా బెర్లిన్ ప్రభుత్వ ఆపెరాలో నడిచింది. దాన్ని తయారుచేసిన కాలం నాటి రాజ్యం అప్పటికి చరిత్రలో కలిసిపోయింది. ప్రజలకు అర్థం కాని దర్శకురాలన్న మాటకు ఈ ఒక్క ప్రదర్శనే జవాబు.

4

1971 మే నెలలో బ్రెహ్ట్ భార్య, గొప్ప నటి, బెర్లినర్ ఆన్సాంబుల్ అధిపతి హెలెన్ వైగెల్ చనిపోయింది. ఆ స్థానంలోకి రూత్ బెర్గ్‌హౌస్ వచ్చింది. ఆమె జీవితంలో అతి ముఖ్యమైన ఆరేళ్ళు ఇవి. మనం ఎక్కువ ఆలోచించవలసినవి కూడా ఇవే.

బ్రెహ్ట్ తన ప్రదర్శనలను ఫొటోలతో, వివరణలతో 'నమూనా గ్రంథాలు'గా భద్రపరిచే ఏర్పాటు చేశాడు. ఇంకొకరు అక్కడినుంచి మొదలుపెట్టి ముందుకు వెళ్ళాలన్నది ఆయన ఉద్దేశం. ఆయన పోయాక ఆ నమూనాలు శాసనాలయ్యాయి. ఫలానా పాత్ర ఫలానా చోట నిలబడాలి, బండి ఫలానా వైపు తిరగాలి. దేశదేశాల యాత్రికులు వచ్చి చూసి వెళ్ళే పుణ్యక్షేత్రంగా ఆ రంగశాల మారుతోంది. ప్రేక్షకుణ్ణి ఆలోచింపజెయ్యడానికి పుట్టిన పద్ధతి ప్రేక్షకుడికి పూర్తిగా అలవాటైపోయింది. అలవాటైన పద్ధతి ఆలోచింపజెయ్యదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. రూపవాదం అంటే ఏమిటి? సారం నుంచి విడిపోయిన రూపాన్ని పూజించడం రూపవాదమైతే, బ్రెహ్ట్ అసలు ఉద్దేశాన్ని వదిలి ఆయన రంగవిన్యాసాన్ని కాపాడడం రూపవాదం కాదా? కొత్త రూపం కోసం వెతికినవాళ్ళకు ఆ పేరు పెట్టారు. పాత రూపాన్ని గాజుపెట్టెలో పెట్టి కాపలా కాసినవాళ్ళను మాత్రం వారసత్వ రక్షకులన్నారు.

బెర్గ్‌హౌస్ ఆ గాజుపెట్టెను తెరిచింది. బ్రెహ్ట్ యౌవనంలో రాసిన 'నగరారణ్యంలో' నాటకాన్ని 1971లో ప్రదర్శించింది. బ్రెహ్ట్ మార్క్సిస్టు కాకముందు రాసిన నాటకం కనక పెద్దలకు దాని మీద అంత ప్రీతి లేదు. హైనర్ ముల్లర్‌ను రంగశాలలో సాహిత్య సలహాదారుగా ఉంచుకుంది. ముల్లర్ అంటే 1961లో ఒక నాటకం రాసినందుకు రచయితల సంఘం నుంచి బహిష్కృతుడైన మనిషి. ఆ నాటకానికి దర్శకత్వం వహించిన ట్రాగెలేన్‌ను అప్పట్లో బొగ్గుగనిలో పనికి పంపారు. ఆ ఇద్దరినీ ఆమె బ్రెహ్ట్ రంగశాలలోకి రానిచ్చింది.

1973 అక్టోబరులో ముల్లర్ 'సిమెంట్' నాటకానికి తొలి ప్రదర్శన ఇచ్చింది. గ్లద్కోవ్ రాసిన సోవియట్ నవల దీనికి ఆధారం. అంతర్యుద్ధం నుంచి ఇంటికి వచ్చిన గ్లేబ్ చుమలోవ్‌కు సిమెంటు కర్మాగారం పాడుబడి కనిపిస్తుంది. భార్య దాషా మారిపోయి ఉంటుంది. ఆమె ఇప్పుడు పార్టీ కార్యకర్త, అతని సొత్తు కాదు. బిడ్డ శిశుసదనంలో ఉంటుంది, అక్కడే చచ్చిపోతుంది. కర్మాగారాన్ని తిరిగి నడిపించడం కష్టమే, మనుషుల మధ్య సంబంధాలను కొత్తగా కట్టడం అంతకన్న కష్టం. విప్లవం గెలిచిందన్న మాటతో కథ ముగియదని, అసలు కథ అక్కడ మొదలవుతుందని ఈ నాటకం చెబుతుంది. దాన్ని విప్లవ వ్యతిరేకమని అనడానికి వీల్లేదు. అలాగని ఉత్సవాల్లో పాడుకునే పాట కూడా కాదు.

1974లో 'అమ్మ' వచ్చింది. గోర్కీ నవలను క్రొవ్విడి లింగరాజు తెలుగులో మనవాళ్ళు తరతరాలుగా చదువుకున్నారు కనక పెలగేయా ఎవరో మనకు చెప్పనక్కర్లేదు. బ్రెహ్ట్ దాన్ని 1932లో నాటకం చేశాడు. 1951లో మళ్ళీ తానే ప్రదర్శించాడు. రెండుసార్లూ అమ్మగా వైగెల్ నటించింది. ఆమె నిలబెట్టిన మూర్తి జర్మన్ రంగస్థలం మీద దాదాపు విగ్రహమైపోయింది. బెర్గ్‌హౌస్ ఆ విగ్రహాన్ని మళ్ళీ పోతపొయ్యడానికి ఒప్పుకోలేదు. ఫెలిసిటాస్ రిట్ష్ అనే నటితో, ఆండ్రెయాస్ రైన్‌హార్ట్ రంగాలంకరణతో, పాత ఆప్యాయత ఏదీ కలపకుండా కొత్తగా చేసింది. బ్రెహ్ట్ వారసులకు అది నచ్చలేదు. పాత ప్రేక్షకులకూ నచ్చలేదు. మరుసటి ఏడు ట్రాగెలేన్, ఐనార్ ష్లేఫ్ కలిసి స్ట్రిండ్‌బెర్గ్ 'మిస్ జూలీ'ని అల్లరి ప్రదర్శనగా చేస్తే, కొద్ది ఆటలతో దాన్ని ఆపేశారు.

నాటకాల హక్కులు వారసుల చేతుల్లో ఉన్నాయి. బ్రెహ్ట్ లేకుండా ఆ రంగశాల నడవదు. 1976 చివర కవి వుల్ఫ్ బియర్మన్ పౌరసత్వం రద్దు చేసిన తరవాత దేశంలో సాంస్కృతిక వాతావరణం మరీ బిగుసుకుంది. 1977లో బెర్గ్‌హౌస్ పదవి నుంచి తప్పుకోవలసివచ్చింది. ఆ స్థానంలోకి మన్‌ఫ్రెడ్ వెక్‌వెర్త్ వచ్చాడు.

5

ఆమె ఆపెరాకు తిరిగి వెళ్ళింది. 1979లో బెర్లిన్ ప్రభుత్వ ఆపెరాలో వాగ్నర్ 'రైన్ బంగారం' చేసింది. నాలుగు భాగాల 'నీబెలుంగ్ ఉంగరం'లో అది మొదటి భాగం. బంగారం కోసం ప్రేమను శపించిన మరుగుజ్జు, అప్పు తీర్చలేని దేవతలు, కూలి అడిగే రాక్షసులు అందులో ఉన్నారు. సంపదకూ అధికారానికీ ఉన్న సంబంధం చూపడానికి ఇంతకన్న అనువైన కథ దొరకదు. కాని ఆ ప్రదర్శన పెద్దలకు మింగుడు పడలేదు. మిగతా మూడు భాగాలు అక్కడ జరగనే లేదు.

తరవాతి పరిణామం విచిత్రం. పశ్చిమ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆపెరాలో అప్పుడు సంగీత నిర్వాహకుడు మిఖాయెల్ గీలెన్. ఆయన, ఆయన సహచరుడు క్లౌస్ ట్సేహలైన్ ఆపెరాను ఆలోచించే కళగా మార్చాలని పట్టుబట్టినవాళ్ళు. వాళ్ళ పిలుపు మీద బెర్గ్‌హౌస్ అక్కడ 1981లో మొజార్ట్ 'అంతఃపురం నుంచి అపహరణ', 1982లో వాగ్నర్ 'పార్సిఫాల్', 1983లో బెర్లియోజ్ 'ట్రోజన్లు' చేసింది. 1985 నుంచి 1987 వరకు 'ఉంగరం' నాలుగు భాగాలూ పూర్తి చేసింది. సోషలిస్టు రాజధానిలో మొదటి మెట్టు మీద ఆగిపోయిన పని, పెట్టుబడిదారీ జర్మనీ బ్యాంకులకు కేంద్రమైన ఊళ్ళో పూర్తయింది.

దీన్నిబట్టి పశ్చిమంలో కళకు స్వేచ్ఛ ఉంది, తూర్పున లేదు అని తేల్చేసే వ్యాఖ్యానాలు చాలా వచ్చాయి. అవి సగమే నిజం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూడా ఆమె ప్రదర్శనల మీద ప్రేక్షకులు కేకలు వేసి నిరసన తెలిపారు. ఖరీదైన టికెట్టు కొని ఇంపైన సాయంత్రం కోసం వచ్చినవాళ్ళకు ఆమె ఇచ్చినది ఇంపుగా లేదు. తూర్పున ఆమెను ప్రజల పేరుతో కాదన్నారు. పశ్చిమాన టికెట్టు పేరుతో కాదన్నారు. అలవాటును కదిలించవద్దన్నదే రెండుచోట్లా కోరిక. తేడా ఒకటుంది, దాన్ని దాచకూడదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కేకలు వేసినా ప్రదర్శన మర్నాడు మళ్ళీ జరిగేది. బెర్లిన్‌లో కేకలు లేకుండానే ఆగిపోయేది.

ఆమె జీవితంలోని వైరుధ్యాన్ని కూడా దాచకూడదు. ఆమె తూర్పు జర్మనీ పౌరురాలిగానే ఉండి పశ్చిమ దేశాలలో పనిచేసింది. ఆ దేశంలో సామాన్యుడికి సరిహద్దు దాటే హక్కు లేని రోజులవి. గోడ దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆమెకు మాత్రం వెళ్ళి రావడానికి అనుమతి ఉండేది. ఆమె సంపాదించే పేరు రాజ్యానికీ ఉపయోగపడింది. జాతీయ బహుమానం ఇచ్చిన రాజ్యమే ఆమె ప్రదర్శనలను ఆపింది. ఆమెను తిరుగుబాటుదారుగా చిత్రించడం తప్పు, ప్రభుత్వ కళాకారిణిగా కొట్టిపారేయడమూ తప్పు. తాను నమ్మిన సమాజం లోపలే ఉండి, ఆ సమాజం వినదలచుకోని మాటను రంగస్థలం భాషలో చెప్పిన మనిషి ఆమె.

1983లో మూడోసారి 'లుకుల్లుస్' చేసింది. ఐరోపా గడ్డమీద కొత్త అణుక్షిపణులు దిగుతున్న ఏడాది అది. 1951లో పెద్దల చెవికి కఠోరమైన సంగీతం అప్పటికి ఆ సంస్థ సంప్రదాయంలో భాగమైపోయింది. ఆ మధ్య ముప్పై రెండేళ్ళలో జనం చెవులు మారాయి, ఆ చెవులను మార్చినవాటిలో ఆ సంగీతం కూడా ఒకటి. 1986లో తన సొంత ఊరు డ్రెస్డెన్‌లో రిహార్ద్ స్ట్రౌస్ 'ఎలెక్ట్రా' చేసింది. 1945లో కాలిపోయి 1985లో తిరిగి తెరుచుకున్న ఆపెరా భవనం అది. మామూలుగా గోతిలో కనిపించకుండా వాయించే వాద్యబృందాన్ని అక్కడ రంగస్థలం మీదికే ఎక్కించింది. సంగీతం ఎక్కణ్ణుంచో వచ్చే మాయ కాదు, మనుషులు చేసే శ్రమ అని చూపించడానికి ఇంతకన్న సూటి పద్ధతి లేదు.

1990లో ఆ రాజ్యం లేకుండా పోయింది. ఆమె వియన్నాలో, హాంబర్గ్‌లో, జూరిచ్‌లో పనిచేస్తూనే ఉంది. 1996 జనవరి 25న బెర్లిన్ దగ్గరి త్సోయ్తెన్‌లో చనిపోయింది. బెర్లిన్‌లో డెస్సావ్ సమాధి పక్కనే ఆమె సమాధి ఉంది. బ్రెహ్ట్, వైగెల్‌ల సమాధులున్న శ్మశానం కూడా అదే.

6

ఈ చరిత్ర నుంచి మనం తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. పరీక్షలకోసం మేం తరగతిగదిలో వస్తువు ఒక శీర్షిక కిందా శిల్పం ఒక శీర్షిక కిందా చెబుతాం. విద్యార్థి ఆ రెంటినీ విడివిడిగా రాసి మార్కులు తెచ్చుకుంటాడు. ఆ విభజనే తరవాత మన విమర్శలోకి వస్తుంది. వస్తువు అభ్యుదయకరంగా ఉంటే శిల్పంలోని బద్ధకాన్ని క్షమిస్తాం. శిల్పం కొత్తగా ఉంటే వస్తువును చూడకముందే అనుమానిస్తాం.

బెర్గ్‌హౌస్ పని ఈ విభజనను నిలబడనివ్వదు. 'కొరియొలేనస్' యుద్ధ ఘట్టంలో వస్తువేది, శిల్పమేది? శరీరాలను అమర్చిన తీరు తీసేస్తే యుద్ధం మంచిది కాదన్న సూక్తి మిగులుతుంది. ఆ సూక్తి అందరికీ తెలుసు, దానివల్ల ఏ యుద్ధమూ ఆగలేదు. ఎవరి పేరు కోసం ఎవరు చస్తున్నారో కళ్ళకు కట్టిన ఆ అమరికలోనే రాజకీయం ఉంది. మన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు జరిగినది కూడా ఇదే. తెలంగాణ రైతు కథను బుర్రకథలో పెట్టడం అంటే తెలిసిన సీసాలో కొత్త మందు పొయ్యడం కాదు. కథకుడూ వంతలూ వేసుకునే ప్రశ్నలూ జవాబులూ ఆ కథకు ఒక వాదించే గుణం ఇచ్చాయి. నాజర్ చేతిలో ఆ రూపం కూడా మారింది.

ఎదుటి పక్షం వాదనలో బలం లేదనను. శ్రమించే మనిషి సాయంత్రం రంగశాలకు వచ్చి ఏమీ అర్థంకాక తిరిగి వెళ్ళిపోతే, ఆ కళ ఎవరి కోసం? ఈ ప్రశ్న న్యాయమైనదే. బెర్గ్‌హౌస్ ప్రదర్శనల్లో కొన్ని ఆ ఆపెరా ముందే తెలిసినవాళ్ళకు తప్ప అందలేదన్నది కూడా నిజమే. కాని ఆ ప్రశ్నకు జవాబు వెతకవలసింది రంగస్థలం మీద, ప్రేక్షకుల మధ్య. కమిటీ గదిలో కాదు. 1951లో ప్రజలకు అర్థం కాదని తీర్పు చెప్పినవాళ్ళు ప్రజలకు టికెట్లు అమ్మలేదు. పిలిచి కూర్చోబెట్టినవాళ్ళు చప్పట్లు కొట్టినా వినలేదు. ప్రజల తరఫున మాట్లాడేవాడు ప్రజలను అడగకుండా మాట్లాడితే, అతను కాపాడుతున్నది తన అభిరుచిని మాత్రమే.

'లాంజెలొట్' సంగతి మళ్ళీ చెబుతానన్నాను. డ్రాగన్‌కు అలవాటుపడిన నగరం కథ 1969లో కొద్ది ఆటలకే మూలపడింది. బెర్లినర్ ఆన్సాంబుల్‌లో బెర్గ్‌హౌస్ నాయకత్వంలో సహాయకుడిగా పని నేర్చుకున్న పీటర్ కొన్‌విచ్నీ తరవాత పెద్ద ఆపెరా దర్శకుడయ్యాడు. 2019 నవంబరులో, సరిగ్గా యాభై ఏళ్ళకు, అతను ఆ ఆపెరాను వైమార్‌లో మళ్ళీ రంగమెక్కించాడు. దాన్ని రాసిన ముల్లర్ లేడు, స్వరపరచిన డెస్సావ్ లేడు, మొదట నడిపించిన బెర్గ్‌హౌస్ లేదు. అది అర్థం కాదేమోనని భయపడిన ప్రభుత్వం కూడా లేదు. ప్రేక్షకులు మాత్రం ఉన్నారు. ఈసారి టికెట్లు బహిరంగంగానే అమ్మారు.